కరెంటు పోయినప్పుడు పద్మారాణి

తాండూరులో ఆ గల్లీకి కరెంటు పోతే ముందు టీవీ ఆగేది, తర్వాత ఫ్యాను ఆగేది, ఫ్యాను రెక్కలు పూర్తిగా నిలబడకముందే హన్మమ్మ కూతుర్ని తిట్టడం మొదలుపెట్టేది. కోపంతో కాదు. కోపమొస్తే హన్మమ్మ అసలు మాట్లాడదు. అందరి చేతుల్లోనూ అన్నం పళ్ళేలున్నాయి, పప్పులో పడింది కరివేపాకో పురుగో తెలియాలి, అంతే.

"ఏడ సచ్చినవే దరిద్రపుదానా? ఇంత చీకటైనా సోయి లేదా?"

వంటింటి మూలలో పద్మారాణి చేతులు వెలిగేవి. ముందు మునివేళ్ళు, తర్వాత మోచేతులు, మెడ, చెంపలు. గ్యాస్ పొయ్యిని సిమ్‌లో పెట్టినప్పటి నీలిరంగు వెలుతురు. ఆమె తన పళ్ళెం తెచ్చుకుని మధ్యలో కూర్చునేది. తల్లీ, అన్న యాదగిరీ, వదినా, వాళ్ళ పిల్లలూ చుట్టూ చేరి తినేవాళ్ళు. వెలుతురు తగ్గితే ఎవరో ఒకరు నోట్లో ముద్ద మింగి ఇంకో మాట అనేవాళ్ళు. పిల్లలు కూడా నేర్చేశారు. "అత్తా, నీ మొఖం ఎవ్వలు చూస్తరే" అని ఒక మాట అని, ఆ వెలుతుర్లో ఎక్కాలు రాసుకునేవాళ్ళు. చిన్న మాటకి చిన్న వెలుతురు, ఎక్కాలకి అది చాలు.

ఇందులో వింతేమీ ఎవరికీ కనిపించలేదు. కొందరింట్లో బోరు ఉంటుంది, కొందరింట్లో ఆర్టీసీలో పనిచేసే మామ ఉంటాడు, వీళ్ళింట్లో పద్మారాణి ఉంది. పక్కింటి అలీమాబీకి చీకట్లో సూదో, మందుబిళ్ళో పడిపోతే గోడ మీంచి పిలిచేది. ఆమె మర్యాదస్తురాలు. "మాఫ్ చెయ్ బిడ్డా" అని ముందే అనేసి, అప్పుడు తిట్టేది. పడింది దొరికాక "షుక్రియా" అనేది.

హన్మమ్మ దగ్గర ఒక పెద్ద మాట ఉండేది. దాన్ని ఊరికే వాడేది కాదు. వదినకి ఇంట్లోనే నొప్పులొచ్చిన రాత్రి వాడింది, స్నానాల గదిలో పాము దూరిన రోజు వాడింది. "అయ్యను మింగినదానా!" అంతే. పద్మారాణి పుట్టిన రోజే వాళ్ళ నాన్న బండల గనిలో నాపబండ కింద పడి చనిపోయాడు. ఆ మాట అంటే ఇల్లంతా పగలయ్యేది, కిటికీలోంచి వెలుతురు గల్లీ మీద పడేది, అవతలి ఇంటివాళ్ళు కూడా ఆ వెలుతుర్లో బియ్యం ఏరుకునేవాళ్ళు. పద్మారాణికి మాత్రం ఆ తర్వాత రెండు రోజులు అన్నం సయించేది కాదు. పెళ్ళి సంబంధాలు వస్తే ఏదో వంక చెప్పి హన్మమ్మే వెనక్కి పంపేది. ఇంట్లో దీపాన్ని బయటికెవరిస్తారు?

మంచి మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు. అంటే చీకటైపోతుంది కదా. ముప్ఫై దాటిన పద్మారాణికి ఈ లోకంలో కావలసింది ఒక్కటే, చీకట్లో కూడా "ఉన్నవా?" అని అడిగే మనిషి. ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, చెప్పినప్పుడు ఎవరైనా ఏమైనా అంటే వెలిగి దొరికిపోతానని.

పగలు ఆమె బండల పాలిషు యూనిట్‌లో పనిచేసేది. మిషను తిరుగుతుంటే బండ మీద పైపుతో నీళ్ళు పట్టడం ఆమె పని. ఆ దుమ్ములో, ఆ ఎండలో, సూపర్‌వైజరు ఎన్ని తిట్టినా వెలిగినట్టు తెలిసేది కాదు. అక్కడికే ఒక రోజు చంద్రకాంత్ వచ్చాడు. హైదరాబాదు మనిషి, నలభై దాటినవాడు, గడ్డంలో అక్కడక్కడ తెలుపు. అందరిలా బండల రంగు చూడలేదు. చిన్న చెక్క సుత్తితో ఒక్కో బండనీ తట్టి, దాని మీద చెవి పెట్టి వింటున్నాడు. మిషను మోతకి ఏమీ వినపడక, పైపు పట్టుకున్న ఆమె వైపు తిరిగి, "ఏమండీ, ఒక్క నిమిషం ఆపగలరా?" అన్నాడు.

పద్మారాణి వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. ఆ 'అండీ' తనకే.

అతను చెప్పినదాని సారాంశం ఇది. వికారాబాదు పక్కన అనంతగిరి గుట్టల్లో ఒక రిసార్టువాళ్ళు ఏదైనా కొత్తగా పెట్టమన్నారు. చీకటి షెడ్డులో పెద్ద నాపబండ, దాని మీద జానెడు లోతు సముద్రపు నీళ్ళ తొట్టి, బండ కింద స్పీకర్లు. నీళ్ళలో కంటికి కనపడనంత చిన్న ప్రాణులుంటాయి, వాటిని ప్లాంక్టన్ అంటారు. మైకులో మాట్లాడితే బండ అదురుతుంది, బండ అదిరితే నీళ్ళు వణుకుతాయి, నీళ్ళు వణికితే ఆ ప్రాణులు నీలంగా వెలుగుతాయి. వచ్చినవాళ్ళు మైకు దగ్గర తమకి ఇష్టమైన మనిషి పేరు చెప్పాలి. ఆ పేరు నీళ్ళ మీద వెలుతురు వలయాలుగా కనిపిస్తుంది.

"వాటిని చూసుకోవడానికి ఓపికున్న మనిషి కావాలండి. నీళ్ళతో పని తెలిసినవాళ్ళు. మీరు వస్తారా?"

హన్మమ్మ ససేమిరా అంది. "మరి ఇంట్ల చీకటైతే ఎట్ల?" అంది. యాదగిరి జీతం సంగతి విని, "సెల్లుల లైట్లున్నయి గద అవ్వా, కొన్నొద్దులు నడుపుకుందాం" అన్నాడు. పద్మారాణిని ఎవరూ అడగలేదు. కానీ ఆమె సంచి అప్పటికే సర్ది ఉంది.

రిసార్టులో ఒక ఏసీ గది నిండా గాజు సీసాలు పెట్టారు. వాటిలో లేత టీ రంగు నీళ్ళు. పగలు ట్యూబులైట్లు వేయాలి, సాయంత్రం ఆర్పాలి, ఉప్పు కొలిచి కలపాలి, చల్లగా ఉంచాలి. చంద్రకాంత్ ఒక సీసా తీసి చీకట్లో కొంచెం ఊపాడు. నీలిమంట ఒకటి లోపల తిరిగి మాయమైంది. పద్మారాణి ఆ రంగు చూసి తన చేతులు వెనక్కి దాచుకుంది.

"వాటికి నొప్పైతదా సార్?" అంది.

అతను నవ్వాడు. "అంత చిన్నవాటికి నొప్పేంటండి? తాకితే వెలుగుతాయి, అంతే. కానీ అదే పనిగా కదపకూడదు. అలిసిపోతాయి. బాగా అలిసినవి ఒక్కసారి గట్టిగా వెలిగి ఆరిపోతాయి. ఆరినవి మళ్ళీ వెలగవు."

పద్మారాణి వాటికి నీళ్ళ మిణుగురులని పేరు పెట్టుకుంది. మనుషుల్ని చూసుకున్నట్టు చూసుకుంది. సీసా పట్టుకుని నడిస్తే కుదుపు తగలకుండా నడిచేది. సాయంత్రాలు షెడ్డులో అన్ని లైట్లూ తీసేసి చంద్రకాంత్ స్పీకర్లు సరిచూసేవాడు. ఆమె తొట్టి అవతల కూర్చుని నీళ్ళు ఎక్కడ వెలుగుతున్నాయో చెప్పేది. తిట్టేవాళ్ళు లేరు కాబట్టి ఆమె వెలగలేదు. చీకట్లో చీకటిగా ఉండిపోయింది. మధ్యలో అతనికి అనుమానం వచ్చేది.

"ఉన్నారా పద్మారాణి గారూ?"

"ఉన్న సార్."

రోజూ ఒకసారైనా అడిగేవాడు. అడగడానికి అతనికి అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు, కనపడక అడిగేవాడు. ఆమె మాత్రం ఆ ప్రశ్న కోసం పొద్దుటి నుంచీ కాచుకుని ఉండేది. రాత్రి తన గదిలో పడుకుని, వెలుతురు లేని తన చేతుల్ని తడిమి చూసుకుని నవ్వుకునేది. జన్మలో ఇంత మంచి నిద్ర ఆమె ఎరగదు. ఇక్కడే ఉండిపోవాలని, ఈ పని పదికాలాలు నడవాలని కనపడిన దేవుడికల్లా మొక్కింది.

మొక్కుకుని ఊరుకుంటే బాగుండేది.

ప్రారంభోత్సవం రోజు ఆమె తెల్లారకముందే లేచింది. కొత్త బోరు వేస్తే గంగమ్మకి పూజ చేస్తారు, కొత్త ఆటో కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, మరి ఇంత పెద్ద తొట్టి కట్టి పసుపైనా పెట్టకపోతే ఎట్లా? పైగా ఆ నీళ్ళు ఎక్కడివో సముద్రం నుంచి వచ్చిన పరాయివి. ఈ గుట్టల్లోనే మూసీ పుట్టింది. ఊరి గంగని కలిపితేనే కదా వచ్చినవి ఈ ఊరివవుతాయి. ఆమె తలస్నానం చేసి పద్మనాభస్వామి గుడి వైపు నడిచి, మూసీ పుట్టిన చోటి నీళ్ళు బిందెతో తెచ్చింది. తొట్టిలో పోసింది. చాలదనిపించి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వెళ్ళింది. పసుపు కలిపింది, కుంకుమ చల్లింది, బంతిపూలు వేసి, "నా నీళ్ళ మిణుగురులు సల్లగుండాలె తల్లీ" అని దండం పెట్టింది. రోజూ ఉప్పు కొలిచి పోసే మనిషి, మంచినీళ్ళు పోస్తే ఏమవుతుందో తెలియని మనిషి కాదు. దేవుడి నీళ్ళు వేరనుకుంది.

సాయంత్రం అతిథులు రావడానికి ముందు చంద్రకాంత్ లైట్లు తీసి మైకులో "హలో" అన్నాడు. బండ ఝుమ్మంది. నీళ్ళు వణికాయి. వెలుతురు లేదు. ఇంకోసారి అన్నాడు. లేదు. అప్పుడు పసుపు వాసన తగిలింది. సెల్లు టార్చి వేసి చూస్తే, బంతిపూల కింద అడుగున చచ్చిన ప్రాణులు గోధుమరంగు బురదలా పేరుకుని ఉన్నాయి. ఏసీ గదిలో ఒక్క సీసా కూడా మిగల్చలేదు, అన్నీ ముందురోజే తొట్టిలో పోశారు.

అతను టార్చి ఆర్పేశాడు. "ఇది ఎవరు చేశారు?"

"నేనే సార్. మూసమ్మ నీళ్ళు. మంచి జరగాలనీ..."

చంద్రకాంత్ అంతవరకూ ఎవరి మీదా గొంతెత్తి ఎరగడు. ఎత్తడం చేతకానివాడు ఎత్తితే ఎక్కడ ఆపాలో తెలియదు. "మంచా? బుర్రలో ఏముంది నీకు? మట్టా? ఏడాది కష్టం ఇది! నీలాంటి మొద్దుని నమ్మి తెచ్చుకున్నాను చూడు, నన్ననాలి! ఆ దుమ్ములో, ఆ బండల దగ్గరే పడుండాల్సినదానివి!"

షెడ్డు వెలిగింది. వేళ్ళు కాదు, మోచేతులు కాదు, మనిషి మనిషంతా వెలిగింది. రేకుల కప్పు మీది తుప్పు మరకలు కనిపించాయి, తొట్టి అడుగున ఒక్కో పూరేకూ కనిపించింది. హన్మమ్మ పెద్ద మాటకి కూడా ఇంత వెలుతురు ఎన్నడూ రాలేదు.

చంద్రకాంత్ ఆగిపోయాడు. ఆమె ఏడుస్తోంది. అతను ఆమె కళ్ళ వైపు చూడలేదు, ఆమె వెలుతురు గోడ మీద ఎంత దూరం పడిందో చూశాడు. ఎలా అని అడగలేదు. అడిగింది వేరు.

"ఇది ఎంతసేపు ఉంటుంది?"

రిసార్టు మేనేజరు అఫ్సర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వికారాబాదువాడే, పని తెలిసిన మనిషి. "గెస్టులు గేటు కాడికి వచ్చిండ్రు సార్, ఏం చేద్దాం?" అన్నాడు అంతే.

చంద్రకాంత్ గొంతు మళ్ళీ మెత్తబడింది. "పద్మారాణి గారూ, తప్పు జరిగింది మీ వల్లే కదా. ఈ ఒక్క సాయంత్రం గట్టెక్కించండి." ఆమె తల ఊపింది. తప్పు తనదే. నల్ల చీర కట్టుకుని తొట్టిలో పడుకుంది. పైన నల్లటి వల కప్పారు, ముక్కు వరకు మాత్రం గాలి ఆడేలా ఒక మూల తెరిచారు. కింద బండ, బండ కింద స్పీకర్లు. చెవులు మూసుకుంటే ఆగేది కాదు అది, మాట వీపులోంచి ఎక్కి పక్కటెముకల్లో మోగుతుంది.

మొదటి అతిథి మైకులో తన భార్య పేరు చెప్పాడు. ఏమీ కాలేదు. రెండో ఆమె తన తల్లి పేరు చెప్పింది. చీకటి. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. చంద్రకాంత్ వెనక నుంచి అన్నాడు, "అలా కాదండి. మనసులో మాట చెప్పండి. నిజంగా మనసులో ఉన్న మాట."

మూడోవాడు ఎవరో వ్యాపారస్తుడు, ఆ రోజే భాగస్వామితో గొడవపడి వచ్చాడు. మైకుని రెండు చేతులా పట్టుకుని, "దొంగముండాకొడకా, నా ఉప్పు తిని..." అని మొదలుపెట్టాడు. నీళ్ళు వెలిగాయి. ఇంకా తిట్టాడు. వలయాలు వలయాలుగా వెలిగాయి. అతను కళ్ళు తుడుచుకుంటూ పక్కకి జరిగాడు. జనం చప్పట్లు కొట్టారు. అఫ్సర్ బయట బోర్డు మార్చలేదు, మార్చాల్సిన పని లేకపోయింది. బోర్డు మీద ముందే 'మనసులో మాట' అని రాసి ఉంది.

ఒక్క సాయంత్రమన్నది వారం దాటింది, నెల దాటింది. శని ఆదివారాల్లో హైదరాబాదు నుంచి కార్లు గుట్ట కింది దాకా నిలబడేవి. ఎంత మంచివాళ్ళు వచ్చారనుకున్నారు! ఆఫీసులో బాసుని ఏమీ అనలేనివాళ్ళు, అత్తని అనలేనివాళ్ళు, అద్దంలో తమని తామే అనుకోలేనివాళ్ళు. జీవితంలో ఒక్కరినీ నొప్పించలేదని పేరున్న రిటైరైన టీచరమ్మ ఒకావిడ మూడుసార్లు వచ్చింది, మూడోసారి నోట్లో మాటలు ముందే పేర్చుకుని వచ్చింది. గుల్బర్గా వైపు నుంచి వచ్చినవాళ్ళు కన్నడంలో తిట్టినా వెలిగేది. ఇంగ్లీషులో తిడితే సగమే వెలిగేది. పిల్లలకి మైకు అందడం లేదని అఫ్సర్ ఒక స్టూలు వేయించాడు. నల్ల వల కింద మనిషి ఉందని అందరికీ తెలుసు. బయటికొస్తూ చేతులు కడుక్కుని, మనసు ఎంత తేలికైందో చెప్పుకుంటూ వేడి వేడి మిర్చి బజ్జీలు తినేవాళ్ళు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, వల ఎత్తి చూడలేదు.

ఉప్పునీళ్ళలో నాని పద్మారాణి వేళ్ళు ముడతలు పడ్డాయి. వీపు మీద చర్మం ఊడింది. చంద్రకాంత్ పొద్దున్నే వచ్చి కుశలం అడిగేవాడు. అతను మళ్ళీ పాత మర్యాదలోకి వెళ్ళిపోయాడు. "నిన్న చాలా బాగా వచ్చింది పద్మారాణి గారూ" అనేవాడు. ఆ మాటకి కూడా ఇప్పుడు ఆమె మునివేళ్ళు వెలిగేవి. అతను అది గమనించాడో లేదో గాని, ఉన్నారా అని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఉన్నట్టు కనపడుతూనే ఉంది కదా.

ఆమెకి ఇల్లు గుర్తొచ్చేది. అక్కడా తిట్టారు. కానీ తిట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నలుగురూ అన్నం తినడానికి తిట్టారు, సూది వెతుక్కోవడానికి తిట్టారు. ఇక్కడివాళ్ళు తిట్టడానికే తిడుతున్నారు. అవ్వ వస్తది, ఇంట్ల చీకటైంది ఇంటికి పోదాం పా అంటది, అని పద్మారాణి ఎదురుచూసింది. చీకట్లో ఉన్నవా అని అడిగే మనిషి దొరకకపోతే మానె, చీకటైందని పిలిచే మనిషైనా చాలనుకుంది.

కొన్నాళ్ళకి వెలుతురు తగ్గడం మొదలైంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మాటలు ఎన్నని తగులుతాయి? జనం గొంతు చించుకుంటున్నా నీళ్ళలో మినుకుమినుకుమని చిన్న నీలం, అంతే. ఒక కంపెనీవాళ్ళు డబ్బులు వాపసు అడిగారు. అఫ్సర్ ఆలోచించి యాదగిరికి ఫోను చేశాడు. ఇంట్లో ఏమంటే బాగా వెలిగేదో అడిగాడు. యాదగిరి చెప్పాడు. "కానీ గా మాట అవ్వ అంటెనే ఎలుగుతది సార్, మాతోటి కాదు" అని కూడా చెప్పాడు.

రిసార్టు కారు తాండూరు వెళ్ళి హన్మమ్మని తెచ్చింది. ఆమె జన్మలో ఏసీ కారెక్కలేదు. పెట్టెలోంచి తీసిన పట్టుచీర కట్టుకుంది. రిసార్టులో ఆమెకి బిర్యానీ పెట్టారు, కుర్చీ వేశారు, అమ్మా అమ్మా అన్నారు. ఆమె కడుపూ మనసూ రెండూ నిండాయి. షెడ్డులోకి తీసుకొచ్చేసరికి జనం కిక్కిరిసి ఉన్నారు. కన్నతల్లి మాట్లాడుతుందని ముందే ప్రచారం చేశారు.

"ఇందుల మాట్లాడాల్నా?" అంది మైకు చూసి.

"హా అమ్మా. ఇంట్ల మీరు అంటరట గద, గా మాట అనుర్రి, చాలు" అన్నాడు అఫ్సర్.

హన్మమ్మ చుట్టూ చూసింది. మంచి బట్టలేసుకున్న పెద్దమనుషులు. "చీ, గింతమంది ముంగట నా బిడ్డను గట్ల అంటనా?" అంది. మైకు ముందు నిలబడి కొంగు సర్దుకుంది.

"పద్మా, నేనే, అవ్వను. మంచిగున్నవా బిడ్డా?"

నీళ్ళు పూర్తిగా చీకటయ్యాయి. మినుకుమినుకుమనే ఆ కాస్త నీలం కూడా పోయింది. బిడ్డా! తల్లి నోటి నుంచి ఆ పిలుపు పద్మారాణి ఎన్నడూ వినలేదు. అది బండలోంచి వచ్చి ఆమె వీపుకి తగిలింది, పక్కటెముకల్లో మోగింది. వల కింద ఆమె తల ఎత్తింది. ఇప్పుడు అవ్వ ఇంటికి పోదాం పా అంటది. ఆ చీకట్లో, ఆ ఉప్పునీళ్ళలో, ఆ ఒక్క క్షణం ఆమె సంతోషంగా ఉంది.

"ఇంటికాడ గురించి ఫికర్ చెయ్యకు" అంది హన్మమ్మ. ఆమె గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. కూతురికి మంచి కబురు చెబుతున్నాననుకుంది. "అన్న ఇన్వర్టర్ తెచ్చిండు, నీ జీతం పైసలతోటే. ఇప్పుడు కరెంటు వోయినా లైటు ఎలుగుతది, ఫ్యాను సుత తిరుగుతది. మస్తు మంచిగున్నది. నువ్వు లేవని ఏ తక్లీఫ్ లేదు బిడ్డా. నువ్వు రాకున్నా నడుస్తది. ఈడనే ఉండు."

వెలుతురు వచ్చింది. నీలం కాదు, తెలుపు. వల గళ్ళలోంచి, నీళ్ళలోంచి, రేకుల సందుల్లోంచి బయటికి దూకింది. అనంతగిరి చెట్ల మీద కోతులు లేచి అరిచాయి. గుడి మెట్ల దగ్గర ఉన్నవాళ్ళు తెల్లారిందనుకుని తూర్పుకి తిరిగారు. షెడ్డులో జనం కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకున్నారు, ఆ చేతుల్లో ఎముకలు కనిపించాయి. తర్వాత ఆరిపోయింది.

చప్పట్లు ఎంతసేపో మోగాయి. ఈలలు వేశారు. హన్మమ్మ సంబరంగా అఫ్సర్‌ని అడిగింది, "మంచిగనే చెప్పిన గద?" "మస్తు చెప్పిండ్రమ్మా" అన్నాడు అతను. ఆమెకి మిగిలిన బిర్యానీ డబ్బాలో కట్టిచ్చి కారెక్కించారు. కూతుర్ని వల కింద నుంచి తీసేలోపే కారు గుట్ట దిగిపోయింది.

మర్నాడు ఎవరు తిట్టినా వెలగలేదు. ఆ మర్నాడూ వెలగలేదు. చంద్రకాంత్ తనకొచ్చిన మాటలన్నీ అని చూశాడు. అఫ్సర్ నోట యాదగిరి చెప్పిన మాటే అనిపించాడు. పద్మారాణి తొట్టిలో లేచి కూర్చుని వాళ్ళిద్దర్నీ చూసింది. ఆమె చేతులు మామూలు చేతులు, నానిపోయిన ఆడమనిషి చేతులు. చంద్రకాంత్ స్పీకర్ల వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. అలిసినవాటి సంగతి అతనికి తెలుసు, ఆమెకి చెప్పిందీ అతనే. ఆమె సంచి సర్దుకుని వచ్చేసరికి అతను వెళ్ళిపోయాడు. అఫ్సర్ మర్యాదగా గేటు దాకా వచ్చి, "ఇగ మీతోటి పని లేదమ్మా, ఇంటికి పోయి జర ఆరాం చెయ్యుర్రి" అన్నాడు.

బస్సు తాండూరు చేరేసరికి మునిమాపు దాటింది. గల్లీ మొదట్లోకి వచ్చేసరికి కరెంటు పోయింది. ఇళ్ళన్నీ నల్లబడ్డాయి, ఒక్క ఇంట్లో తప్ప. హన్మమ్మ ఇంట్లో ట్యూబులైటు తెల్లగా వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, కంచాల చప్పుడు వినిపిస్తోంది. పద్మారాణి వాకిట్లో వెలుతురు పడనిచోట గోడకి ఆనుకుని నిలబడింది. సంచి కింద పెట్టిన చప్పుడైంది.

"ఎవరది?" అంది లోపల్నుంచి హన్మమ్మ.

నోరు విప్పితే సరిపోయేది. పద్మారాణి విప్పలేదు. ఒక్కసారి, వెలుతురు లేకుండా, చీకట్లో తల్లి తనని పోల్చుకుంటుందేమోనని ఆశ. ఎంత చెప్పినా ఆశకి సిగ్గుండదు.

హన్మమ్మ ఎంగిలి చేత్తోనే గడప దాకా వచ్చింది. లోపలి వెలుతురుకి అలవాటైన కళ్ళకి బయట ఏమీ కనిపించలేదు. "పద్మా? నువ్వేనానే?" అంది. కాస్త ఆలోచించి, చీకట్లోకి ఆ పెద్ద మాట విసిరింది.

"అయ్యను మింగినదానా!"

చీకటి చీకటిగానే ఉంది.

"ఎవరే అవ్వా?" అన్నాడు యాదగిరి లోపల్నుంచి.

"ఎవ్వరు లేరు. నా బిడ్డైతే ఎలుగుతుండె" అంది హన్మమ్మ. తలుపేసుకుంది.

పద్మారాణి సంచి తీసుకుంది. అదే గల్లీలో పుట్టి పెరిగినా చీకట్లో ఆమె అందులో ఎన్నడూ నడవలేదు. ఎవరో ఒకరు తిట్టి పంపేవాళ్ళు, ఎప్పుడూ తన వెలుతుర్లోనే నడిచింది. ఇప్పుడు గోడ పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ కదిలింది. పక్కింటి అరుగు మీద గాలికి కూర్చున్న అలీమాబీకి అడుగుల చప్పుడు మాత్రం వినిపించింది. మనిషి ఎవరో తెలియలేదు.

"ఎవరో గని జర పైలం అమ్మా" అంది ఆమె చీకట్లోకి. "గాడ మోరీ మీది బండ పగిలింది. చూసుకొని దాటు."

ఆ మురుక్కాలవ పక్కనే ముప్ఫై ఏళ్ళు బతికిన పద్మారాణికి చూసుకుని దాటమని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆమె ఒక కాలుతో పగిలిన బండ అంచు తడుముకుని, రెండో కాలు అవతల వేసి, మోరీ దాటి రైల్వే స్టేషన్ వైపు వెళ్ళిపోయింది.